కోట పడేది గోడ దగ్గర కాదు

టర్న్‌ల వారీగా సాగే యుద్ధవ్యూహ ఆటల్లో గోడలున్న శత్రునగరాన్ని పట్టడమెలా అని ఎవరినడిగినా దాదాపు ఒకే జవాబు వస్తుంది: ఫిరంగులు పెంచు. రెండు కాటపుల్ట్‌లు చాలకపోతే నాలుగు చేయించు. నాలుగూ చాలకపోతే సైన్యాన్ని వెనక్కి రప్పించి, పరిశోధన మీద పడి, బాంబార్డ్‌లు చేతికొచ్చాక మళ్లీ వెళ్లు. ఈ సలహా ఎంతగా పాతుకుపోయిందంటే, దండయాత్ర విఫలమైన ప్రతిసారీ ఆటగాడు ముందుగా లెక్కపెట్టుకునేది తన దగ్గర ఎన్ని ముట్టడి యంత్రాలున్నాయనే. శత్రువు సైన్యం ఎక్కడుంది, నగరం చుట్టూ ఏ గడి ఖాళీగా ఉంది, ముట్టడి ఎన్నో టర్న్‌లో ఉంది అన్న ప్రశ్నలు ఆ తర్వాతెప్పుడో గుర్తొస్తాయి, లేదా అసలు గుర్తే రావు. ఈ సలహా వెనక ఒక ఊహ ఉంది. నగరాన్ని పట్టడమంటే గోడకీ గుండుకీ మధ్య పోటీ అని, ఏది బలమైనదైతే అది గెలుస్తుందని. ఆ ఊహే తప్పు. నగరం పడుతుందా లేదా అన్నది దాని చుట్టూ ఉన్న నేల ఎవరి అదుపులో ఉంది, ఆ అదుపు ఎన్ని టర్న్‌లు నిలిచింది అన్నదాని మీద ఆధారపడుతుంది. ఫిరంగి అవసరమే, దాన్ని నేను తోసిపుచ్చడం లేదు. కానీ అది ముట్టడిలో ఒక భాగం మాత్రమే. దాన్ని ముట్టడి మొత్తంగా భావించబట్టే ఇన్ని దండయాత్రలు గోడల ముందు కరిగిపోతున్నాయి. ఈ మాట గాలిలో చెప్పి ఒప్పించేది కాదు కాబట్టి, ఈ కోవలో ఎక్కువమందికి తెలిసిన ఆటను, ఫిరాక్సిస్ సంస్థ తయారుచేయగా 2016 అక్టోబరులో విడుదలైన 'సివిలైజేషన్ 6'ను తీసుకుని, దాని నియమాల మీదే వాదన నిలబెడతాను.

ముందు ఈ ఫిరంగి వాదం ఎక్కడ పుట్టిందో చూడాలి. పుట్టినచోట అది నిజమే కాబట్టి. 2005లో వచ్చిన 'సివిలైజేషన్ 4'లో ఒకే గడిలో ఎన్ని దళాలనైనా పేర్చుకోవచ్చు. నగరంలోనూ అంతే, రక్షకదళాలన్నీ ఒకే గడిలో కిక్కిరిసి ఉండేవి. కాటపుల్ట్ ముందు దూరం నుంచి నగరపు రక్షణ శాతాన్ని తగ్గించేది. తర్వాత నేరుగా దాడికి దిగి తాను చచ్చిపోయినా, లోపల గుట్టగా ఉన్న దళాల్లో చాలావాటికి ఒకేసారి గాయం చేసేది. అలాంటి ఆటలో యంత్రాలు ఎన్ని ఎక్కువ తెస్తే అంత మంచిది, సందేహమే లేదు. వాటికి చోటు సమస్య కాదు, కాపలా సమస్య కాదు. అన్నీ ఒకే గడిలో, అదే గడిలో వాటికి రక్షణగా బల్లెపు దళాలు. 2010లో వచ్చిన 'సివిలైజేషన్ 5' ఈ పద్ధతిని మూలం నుంచి మార్చేసింది. ఒక గడికి ఒక్క యుద్ధదళమే అన్న నియమం తెచ్చింది, గడులను షడ్భుజాలు చేసింది. ఆ రోజుతో నగరం చుట్టూ ఉన్న నేలకు విలువ వచ్చింది. నగరాన్ని ఆనుకుని ఆరు గడులు, వాటి వెనక వలయంలో పన్నెండు, మొత్తం పద్దెనిమిది. అందులో సముద్రం ఎంత, కొండ ఎంత, అడవి ఎంత పోతే మిగిలేది అంత. ఒక్కో కాటపుల్ట్ ఒక్కో గడిని మింగేస్తుంది, ఆ గడిలో దానికి కాపలాగా ఇంకో యుద్ధదళం నిలబడలేదు. ఆట మారింది కానీ పాత ఆటలో నేర్చుకున్న సూత్రం మాత్రం అలాగే నోటి నుంచి నోటికి పాకుతూ వచ్చింది.

ఇప్పుడు ఆరో ఆట నియమాల్లోకి వద్దాం. నగరకేంద్రానికి 200 హెల్త్ పాయింట్లుంటాయి. ప్రాచీన గోడలు కడితే దానిపైన 100, మధ్యయుగపు గోడలతో 200, పునరుజ్జీవన కాలపు గోడలతో 300. ఉక్కు సాంకేతికత వచ్చాక గోడలు కట్టకపోయినా 400 పాయింట్ల రక్షణ దానంతటదే వస్తుంది. గోడలు నిలబడి ఉన్నంతసేపు లోపలి 200కు తగిలే దెబ్బ బాగా తగ్గిపోతుంది. కత్తి దళాలు గోడను కొడితే గీత పడినట్టే ఉంటుంది. బాణాలు కాస్త నయం. పూర్తి దెబ్బ వేయగలిగేవి ముట్టడి యంత్రాలే. ఫిరంగి వాదులు ఈ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోతారు. ఆగకూడదు, ఎందుకంటే దాని పక్కనే ఇంకో రెండు నియమాలున్నాయి. మొదటిది: గోడలు తమంతట తాము కోలుకోవు. 3 టర్న్‌ల పాటు నగరం మీద దెబ్బ పడకపోతేనే వాటి మరమ్మతు మొదలుపెట్టడానికి వీలవుతుంది. రెండోది: లోపలి 200 మాత్రం ప్రతి టర్న్‌కూ 20 చొప్పున కోలుకుంటుంది, నగరం ముట్టడిలో లేకపోతే. ముట్టడి అన్న మాటకు ఈ ఆటలో కచ్చితమైన అర్థం ఉంది. నగరం చుట్టూ ఉన్న గడులన్నిటిలో మీ దళాలు నిలబడి ఉండాలి, లేదా ఆ గడులు మీ దళాల జోన్ ఆఫ్ కంట్రోల్‌లో, అంటే వాటి ప్రభావ పరిధిలో ఉండాలి. అలా ఉంటే ఆ 20 ఆగిపోతుంది. ఒక్క గడి తెరిచి ఉన్నా ఆగదు.

ఆ 20 చిన్న అంకెలా కనిపిస్తుంది. లెక్క వేస్తే దాని అసలు బరువు తెలుస్తుంది. ఈ ఆటలో ఇరుపక్షాల బలం సమానమైతే ఒక దాడికి సగటున 30 పాయింట్ల దెబ్బ. 17 పాయింట్లు ఎక్కువ బలముంటే దాదాపు రెట్టింపు, అంతే తక్కువ ఉంటే దాదాపు సగం. 35 బలమున్న కాటపుల్ట్ 56 రక్షణ బలమున్న నగరాన్ని కొడుతోందనుకుందాం. దెబ్బ సగటున 13. గోడలు అప్పటికే కూలాయి, లోపలి 200 మాత్రమే మిగిలింది. రెండు కాటపుల్ట్‌లు టర్న్‌కు 26 తీస్తాయి, నగరం 20 తిరిగి తెచ్చుకుంటుంది. నికరంగా మిగిలేది 6. ఈ లెక్కన ఆ 200 కరగడానికి 30 టర్న్‌లు పడుతుంది. అదే రెండు కాటపుల్ట్‌లతో నగరాన్ని పూర్తిగా చుట్టుముడితే 8 టర్న్‌లు. చుట్టుముట్టకుండా మూడో కాటపుల్ట్ తెస్తే 10 టర్న్‌లు. అంటే దిగ్బంధంలో ఉన్న రెండు యంత్రాలు, దిగ్బంధం లేని మూడింటికన్నా ముందుగా పని ముగిస్తాయి. ఇక్కడ గమనించాల్సిన అసలు సంగతి ఇంకొకటుంది. నగరం బలహీనమైనదైతే, ఒక్కో గుండు 40 తీసేస్తుంటే, ఆ 20 పెద్ద విషయం కాదు. నగరం బలపడేకొద్దీ, మన గుండు దెబ్బ తగ్గేకొద్దీ, దిగ్బంధం విలువ పెరుగుతూ పోతుంది. ఏ నగరాన్ని చూసి 'దీనికి ఇంకా ఫిరంగులు కావాలి' అంటున్నారో, సరిగ్గా ఆ నగరం దగ్గరే ఒక కొత్త ఫిరంగికన్నా మూసేసిన గడి ఎక్కువ పని చేస్తుంది. పైగా కొత్త ఫిరంగికి ఉత్పత్తి ఖర్చవుతుంది, అది ముందు వరుసకు చేరడానికి టర్న్‌లు ఖర్చవుతాయి. గడి మూయడానికి అప్పటికే అక్కడున్న కాలిబంట్లు చాలు.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం, ఆరు గడులూ మూయడానికి ఆరు దళాలు ఎక్కడి నుంచి తేవాలని. ఆరు అక్కర్లేదు. కాలిబంటు దళం తాను నిలబడిన గడితో పాటు పక్క గడుల మీద కూడా అదుపు చూపుతుంది. నగరానికి ఒక వైపు ఒకటి, సరిగ్గా ఎదుటి వైపు మరొకటి నిలబెడితే, ఒక్కోటి తన గడినీ అటూ ఇటూ ఉన్న రెండు గడులనూ కప్పుతుంది. ఆరూ నిండిపోయాయి. చదునైన నేల మీద సరిగ్గా నిలబెట్టిన రెండు కత్తి దళాలు ఒక మహానగరాన్ని ముట్టడిలో పెట్టగలవు. నది అడ్డొచ్చినా, శత్రువు ఎన్‌క్యాంప్‌మెంట్, అంటే సైనిక శిబిరం, పక్కనే ఉన్నా లెక్క మారుతుంది, మూడో దళం, నాలుగో దళం కావాలి. నగరం తీరాన ఉంటే సముద్రం వైపు ఓడ కావాలి. ఆ ఓడ లేకపోవడం వల్లే తీరనగరాల ముట్టడులు ఎన్నో నీరుగారిపోతాయి. నేలమీద ఎన్ని దళాలు మోహరించినా నీటి గడి తెరిచే ఉంటుంది, నగరం టర్న్‌కు 20 కోలుకుంటూనే ఉంటుంది, ఆటగాడేమో ఫిరంగుల బలం చాలడం లేదనుకుంటాడు. కొండ విషయంలో మాత్రం భయం అనవసరం, ఎవరూ అడుగుపెట్టలేని గడిని మూయాల్సిన పని ఉండదు. ఇక విలుకాండ్రకూ ముట్టడి యంత్రాలకూ ఈ ప్రభావ పరిధి ఉండదు. నాలుగు కాటపుల్ట్‌లూ ముగ్గురు ఆర్చర్లూ ఒక్క వారియర్‌తో దండెత్తినవాడు పేరుకు ఎనిమిది దళాలు తెచ్చాడు కానీ, పక్క గడులను కూడా మూయగలిగేది అందులో ఒక్కటే.

యంత్రాలను పెంచడంలో ఇంకో ప్రమాదం ఉంది, అవి తమను తాము కాపాడుకోలేవు. కాటపుల్ట్ దూరపు దాడిబలం 35 అయినా దగ్గరికొచ్చి కొట్టేవాడి ముందు దాని బలం 25. శత్రు హార్స్‌మన్ బలం 36. రౌతు ఒక్కసారి మీదపడితే సగటున 46 పాయింట్లు పోతాయి. ఇద్దరు రౌతులూ, గోడ మీద నుంచి ఒక గుండూ కలిస్తే నూటికి నూరు అయిపోయినట్టే. రౌతు ఒక టర్న్‌లో నాలుగు అడుగులు వేస్తాడు, కాటపుల్ట్ రెండే వేస్తుంది. నగరం రెండు గడుల దూరం కొట్టగలదు, కాటపుల్ట్ కొట్టగలిగేదీ అంతే దూరం. కదిలిన టర్న్‌లో అది సాధారణంగా కాల్చలేదు కాబట్టి, గురిపెట్టే చోటికి చేరిన టర్న్‌లో దెబ్బ తినడం ఖాయం, కొట్టడం మాత్రం తర్వాతి టర్న్‌లోనే. ఇలాంటి యంత్రాన్ని శత్రుసైన్యం ఇంకా పొలాల్లో తిరుగుతుండగానే గోడ ముందుకు తోయడం దాన్ని బలివ్వడమే. అందుకే ముట్టడిలో మొదటి యుద్ధం నగరానికి మూడు నాలుగు గడుల ఇవతల జరగాలి. శత్రువు దళాలను బయటికి రానిచ్చి, మన కొండ మీదో అడవి అంచునో నిలబడి, గోడల గుండు అందని చోట వాటిని ముగించాలి. కంప్యూటర్ నడిపే ప్రత్యర్థి సరిహద్దులోకి వచ్చిన సైన్యం మీదికి దళాలను పంపకుండా ఉండలేదు. ఆ తొందరను వాడుకోవాలి. బయటి సైన్యం చచ్చిపోయాక నగరానికి మిగిలేది టర్న్‌కు ఒకే ఒక్క గుండు, ఎన్‌క్యాంప్‌మెంట్ ఉంటే ఇంకొకటి. ఆ ఒక్క గుండును తట్టుకోవడం కష్టం కాదు. దెబ్బతిన్న దళాన్ని వెనక్కి తీసి, తాజా దళాన్ని ఆ గడిలో పెడితే చాలు. వెనక్కి తీసిన దళం శత్రువు పొలాన్ని కొల్లగొడితే అక్కడికక్కడే 50 పాయింట్లు కోలుకుంటుంది. ఈ వెసులుబాటంతా చుట్టుపక్కల నేల మన చేతిలో ఉన్నప్పుడే దొరుకుతుంది.

'బాంబార్డ్ వచ్చేదాకా ఆగు' అన్న సలహా దీనికన్నా హానికరమైనది, ఎందుకంటే ఇది జాగ్రత్త అనే ముసుగు వేసుకుని వస్తుంది. ఆగితే మన ఫిరంగి బలం 35 నుంచి 55కు పెరుగుతుంది, నిజమే. అదే సమయంలో ఎదుటివాడు ఊరుకోడు. ఈ ఆటలో నగరపు రక్షణ బలం దాని యజమాని తయారుచేసిన అత్యంత బలమైన దళాన్ని బట్టి పెరుగుతుంది. అతను ఎక్కడో ఒకచోట ఒక్క మస్కట్ దళాన్ని తయారుచేస్తే చాలు, అతని నగరాలన్నీ ఒక మెట్టు గట్టిపడతాయి. మనం ఆగిన టర్న్‌లలోనే ప్రాచీన గోడల మీద మధ్యయుగపు గోడలు లేస్తాయి, ఎన్‌క్యాంప్‌మెంట్ పూర్తవుతుంది. పెద్ద కష్టస్థాయిల్లో ఈ పందెం ఇంకా అన్యాయంగా ఉంటుంది. డెయిటీ స్థాయిలో కంప్యూటర్ ప్రత్యర్థి మూడు సెట్లర్లతో ఆట మొదలుపెడుతుంది, ప్రతి పోరులో అదనంగా 4 బలం పొందుతుంది, విజ్ఞానంలోనూ ఉత్పత్తిలోనూ దానికి పెద్ద రాయితీలుంటాయి. అలాంటివాడితో 'ఇద్దరం ఆగుదాం, ఎవరు ముందు ఎదుగుతారో చూద్దాం' అనడం ఓటమికి ఒప్పుకోవడమే. దానికి బదులు ఈ ఆటలోని ఒక పెద్ద బలహీనతను చూడండి: గోడలు లేని నగరం గుండు పేల్చలేదు. 'సివిలైజేషన్ 5'లో ప్రతి నగరమూ పుట్టుకతోనే కాల్చగలిగేది, ఆరో ఆటలో ఆ శక్తి గోడలతోనే వస్తుంది. శత్రువు గోడ కట్టకముందే ముగ్గురు ఆర్చర్లతో, ఇద్దరు వారియర్లతో వెళ్లినవాడికి ఫిరంగి అవసరమే రాదు. పరిశోధనలో ప్రత్యర్థిని ఒక యుగం వెనక్కి నెట్టి ముందుకెళ్లిన ఆటగాడు ఆగి గెలవవచ్చు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ అప్పుడు అతన్ని గెలిపించింది విజ్ఞానంలోని ఆధిక్యం. అదే ఆధిక్యంతో కత్తి దళాలను నడిపించినా గెలిచేవాడు.

గోడకు ఫిరంగి తప్ప మందు లేదన్న మాటను ఈ ఆట నియమాలే కాదంటున్నాయి. బ్యాటరింగ్ రామ్, అంటే కోటగుమ్మాలను దూలంతో బద్దలుకొట్టే యంత్రం, నగరం పక్కన ఉంటే చాలు, ఆ నగరాన్ని కొట్టే కత్తి, బల్లెపు దళాలన్నీ ప్రాచీన గోడల మీద పూర్తి దెబ్బ వేస్తాయి. సీజ్ టవర్ ఉంటే మధ్యయుగపు గోడలదాకా అవే దళాలు గోడను పట్టించుకోకుండా ఎక్కి లగ్గ పట్టి, నేరుగా లోపలి హెల్త్‌ను కొడతాయి. ఈ రెండూ సహాయక దళాలు, యుద్ధదళంతో పాటే ఒకే గడిలో నిలబడతాయి. ఈ సౌలభ్యం ఎంత పెద్దదో ఫిరంగి వాదులు ఎందుకు గమనించరో అర్థం కాదు. పద్దెనిమిది గడుల నేల మీద చోటు కోసం కొట్టుకుంటున్నప్పుడు, అదనంగా ఒక్క గడి కూడా అడగకుండా, చుట్టుముట్టిన దళాలన్నిటినీ గోడలు కూల్చే దళాలుగా మార్చే సాధనం ఇది. దిగ్బంధం చేసే కాలిబంట్లే దాడి కూడా చేస్తారు, నగరంలో అడుగుపెట్టేదీ వాళ్లే. ఎందుకంటే నగరాన్ని చివరికి స్వాధీనం చేసుకోగలిగేవి దగ్గరికొచ్చి కొట్టే దళాలు మాత్రమే. ఫిరంగులు నగరపు హెల్త్‌ను సున్నాకు దించి, లోపలికి నడవడానికి ఒక్క కాలిబంటు కూడా బతికిలేక, ఆటగాడు వరసగా టర్న్‌లు వృథా చేసుకునే దృశ్యం ఈ ఆటలో అరుదైనది కాదు. కాలిబంట్లు గోడను కొట్టేటప్పుడు ఎదురుదెబ్బ తింటారు, అది నిజమైన నష్టం. అందుకే రామ్ ఒక్కటే చాలని అనను. 5 బలం, ఒక అడుగు అదనంగా ఇచ్చే గ్రేట్ జనరల్ తోడుండాలి. ఆ అయిదు పాయింట్లు మన దెబ్బను ఐదో వంతుకు పైగా పెంచుతాయి, మనకు తగిలేదాన్ని అంతకు కాస్త తక్కువగా తగ్గిస్తాయి. అదీ ఒక్క దళానికి కాదు, చుట్టూ ఉన్న మొత్తం సైన్యానికి. ఒక కొత్త ఫిరంగి ఇచ్చేదానికన్నా ఇది పెద్ద బలం.

ఇక్కడ కొందరు ఇంకో మాట అంటారు. కంప్యూటర్‌కు యుద్ధం చేయడం రాదు, దాని మీద ఏ పద్ధతైనా పనిచేస్తుంది, ఇంత లెక్క దేనికని. ఆరో ఆట ప్రత్యర్థి యుద్ధంలో తడబడుతుందన్నది నిజమే. కానీ ఆ వాదన నా మాటనే బలపరుస్తుంది. ఏ పద్ధతైనా గెలిపిస్తుందంటే, పద్ధతుల మధ్య తేడా ఎన్ని టర్న్‌లు పట్టిందన్న దానిలోనే ఉంటుంది. 8 టర్న్‌లలో పడాల్సిన నగరం 30 టర్న్‌లలో పడితే, ఆ మధ్యలో పోయిన 22 టర్న్‌లు ఎక్కడికీ తిరిగి రావు. ఆ టర్న్‌లలో సొంత నగరాలు కట్టాల్సినవి కట్టలేదు, సైన్యం జీతాలు తింది, యుద్ధం పొడవునా జనంలో విసుగు పేరుకుంది, మూడో రాజ్యం ఎక్కడో విజ్ఞాన విజయం వైపు నడిచింది. మనుషులు మనుషులతో ఆడే పోటీల్లో అయితే ఈ 'ఏ పద్ధతైనా' అన్న మాటకు చోటే లేదు. ఎదురుగా ఉన్నవాడు మన ఫిరంగులను చూసీ చూడగానే రౌతులను పంపుతాడు.

నా వాదనకు నిజంగా గట్టి అభ్యంతరం ఆట చివరి దశల నుంచి వస్తుంది. ఉక్కు వచ్చాక రామ్‌లూ టవర్లూ పనికిరావు, 400 పాయింట్ల రక్షణ ప్రతి నగరానికీ ఉంటుంది. అప్పుడు ఫిరంగి దళానికి అబ్జర్వేషన్ బెలూన్ తోడిస్తే అది మూడు గడుల దూరం నుంచి, నగరం గుండు అందని చోటు నుంచి కొట్టగలదు. బాంబర్ విమానాలు వస్తే ఇంకా సులువు. ఈ దశలో దూరపు దాడిదే పైచేయి, ఫిరంగి వాదం నిజానికి అతి దగ్గరగా వచ్చేది ఇక్కడే. అయినా రెండు సంగతులు మిగిలే ఉంటాయి. బెలూన్‌తో దూరం నుంచి కొట్టే ఫిరంగికి కాపలా కావాలి, ఆ కాపలా నిలబడే నేల మనదై ఉండాలి. ఆకాశం నుంచి ఎంత కొట్టినా విమానం నగరంలో దిగి జెండా ఎగరేయలేదు, ఆ పనికి ఒక రౌతో టాంకో పక్క గడిలో ప్రాణాలతో ఉండాలి. పైగా ఆట గెలుపోటములు తేలిపోయేది సాధారణంగా అంతకు చాలా ముందే. ఆఖరి దశ నియమాన్ని దానికి ముందున్న దశలన్నిటికీ అంటగట్టడం సరికాదు.

చరిత్రను చూపించేవాళ్లూ ఉన్నారు. 1453లో కాన్‌స్టాంటినోపుల్‌ గోడలను ఫిరంగులే కూల్చాయి కదా అంటారు. ఆ ముట్టడిని మొత్తం చూడాలి. ఏప్రిల్ 6న మొదలై మే 29న ముగిసిన ఆ యుద్ధంలో ఒర్బాన్ చేసిన పెద్ద ఫిరంగి గోడను పగలగొడుతూనే ఉంది, లోపలివాళ్లు రాత్రికి రాత్రి కర్రలతో మట్టితో ఆ గండ్లను పూడుస్తూనే ఉన్నారు. ఏప్రిల్ 22న ముట్టడించిన ఒట్టోమన్ సుల్తాను రెండో మెహమెద్ తన ఓడలను నేలమీదుగా లాగించి గోల్డెన్ హార్న్ జలాల్లో దించాడు. తెరిచి ఉన్న ఒక వైపును మూశాడన్నమాట. అప్పటికే ఏడువేల దాకా మాత్రమే ఉన్న రక్షకుల్లో కొందరిని ఆ వైపు గోడకు మళ్లించాల్సి వచ్చింది. ఫిరంగి పని చేసింది, కానీ చుట్టూ మూసుకున్న తర్వాత. మన గోల్కొండ ఇంకా సూటైన సాక్ష్యం. 1687లో ఔరంగజేబు దగ్గర లేని ఫిరంగి లేదు, లేని మందుగుండు లేదు. గోడల కింద మందుపాతరలు పెట్టించాడు, అవి ఆయన మనుషులనే చంపాయి. వానలు, కరువు, రోగాలు ముట్టడించినవాళ్ల శిబిరాన్నే పీల్చేశాయి. సుమారు ఎనిమిది నెలలు గడిచాక, సెప్టెంబరులో ఒక రాత్రి లోపలి సర్దారు ఒకడు అమ్ముడుపోయి ద్వారం తెరిచాకనే ఆ కోట పడింది. దక్కన్‌లోకెల్లా గట్టి కోటల్లో ఒకటి ఫిరంగులకు లొంగలేదన్నది మన చరిత్రే చెబుతోంది.

పట్టిన నగరాన్ని నిలబెట్టుకోవడం గురించి ఫిరంగి వాదం అసలు మాట్లాడదు. 2018 ఫిబ్రవరిలో వచ్చిన 'రైజ్ అండ్ ఫాల్' విస్తరణతో ప్రతి నగరానికీ విధేయత అనే కొలమానం వచ్చింది. తొమ్మిది గడుల లోపల ఉన్న నగరాల జనాభా ఆ విధేయతను తమ వైపు లాగుతుంది. శత్రుదేశం నడిబొడ్డున ఒక్క నగరాన్ని పట్టినవాడికి చుట్టూ ఉన్న నాలుగు శత్రునగరాల ఒత్తిడి తగులుతుంది. గవర్నర్‌ను పెడితే టర్న్‌కు 8 పాయింట్ల ఊరట దొరుకుతుంది, చాలాసార్లు అదీ చాలదు. కొన్ని టర్న్‌లలో విధేయత సున్నాకు చేరి ఆ నగరం స్వతంత్రమైపోతుంది, లోపలి నుంచి తిరుగుబాటు దళాలు లేస్తాయి. దీనికి సరైన విరుగుడు ఆ ఒత్తిడి తెచ్చే పక్క నగరాలను కూడా త్వరత్వరగా పట్టడమే. ఇక్కడే ఫిరంగుల సైన్యం చతికిలబడుతుంది. టర్న్‌కు రెండు అడుగులేసే యంత్రాల గుంపు, అడవులు కొండలు దాటుకుంటూ, మొదటి నగరం నుంచి రెండో నగరానికి చేరేలోపు మొదటిది చేజారుతుంది. రౌతులూ కాలిబంట్లూ ఎక్కువగా ఉన్న సైన్యం మొదటి నగరం మీద దాడి జరుగుతుండగానే రెండో నగరం దారులు మూసి, దాని పొలాలను కొల్లగొట్టి, దాని దళాలను బయటికి లాగగలదు. ఏ నగరాన్ని ముందు పట్టాలన్న నిర్ణయం ఎన్ని ఫిరంగులున్నాయన్న దాన్ని బట్టి కాక, ఏది పడితే మిగతావాటి ఒత్తిడి తగ్గుతుందన్న దాన్ని బట్టి జరగాలి. శత్రువు అసలు రాజధానిని ధ్వంసం చేయడానికి ఆట ఒప్పుకోదు, ఆధిపత్య విజయానికి అలాంటి రాజధానులన్నీ చేతిలో ఉండాల్సిందే. కాబట్టి పట్టడమూ నిలుపుకోవడమూ ఒకే పథకంలో ఉండాలి.

ఆటను తయారుచేసేవాళ్లు కూడా ఈ దిశలోనే నడుస్తున్నారు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన 'సివిలైజేషన్ 7'లో నగరకేంద్రం ఒక్కటే పడితే సరిపోదు, గోడలు కట్టిన ప్రతి భాగాన్నీ విడివిడిగా పట్టాలి. దళాలన్నిటినీ తన వెంట ఒకే మూటగా నడిపించి, అవసరమైన చోట దించే కమాండర్ ఆ సైన్యాలకు కేంద్రమయ్యాడు. నగరం ఒక బిందువులా కాక, పరుచుకున్న నేలగా మారింది. ఎక్కడ నిలబడ్డామన్నది దెబ్బ ఎంతన్నదానికన్నా ముందు వచ్చే ప్రశ్న అయింది.

కాబట్టి ఈ ఆటలు ఆడే ప్రతివారికీ, ముఖ్యంగా కొత్తవాళ్లకు సలహా చెప్పే అనుభవజ్ఞులకు, ఒక విన్నపం. నగరం పడడం లేదని ఎవరైనా మీ దగ్గరికొచ్చి అడిగితే, ఎన్ని ఫిరంగులున్నాయని మొదట అడగకండి. బయట శత్రువు సైన్యం ఇంకా మిగిలి ఉందా అని అడగండి. నగరాన్ని ఆనుకున్న ఆరు గడుల్లో ఏది తెరిచి ఉందో, సముద్రం వైపు ఓడ ఉందో లేదో చూడమనండి. ఆ గడి మూశాక కూడా నగరం నిలబడితే, అప్పుడు ఇంకో కాటపుల్ట్ చేయించుకోమని చెప్పండి.